టైల్స్ కొంటున్నారా? జీవీటీ, డబుల్ చార్జ్, షేడ్, ఎపాక్సీ.. ఈ మాటలకు అర్థం తెలియకపోతే జేబుకు చిల్లే!

కొత్త ఇల్లు కట్టేవాళ్లయినా, పాత ఫ్లాట్ రిపేర్ చేయించేవాళ్లయినా టైల్స్ షాపుకు వెళ్లక తప్పదు. లోపలికి అడుగుపెట్టగానే సేల్స్‌మన్ నోటి నుంచి జీవీటీ, పీజీవీటీ, హైలైటర్, బుక్ మ్యాచ్ అంటూ మాటల వర్షం మొదలవుతుంది. అక్కడ తల ఊపి డిజైన్ నచ్చిందని డబ్బు కట్టేస్తాం. తీరా సైట్‌కు వచ్చాక మేస్త్రీ ఇంకో భాష మాట్లాడతాడు. వాటం, స్పేసర్, డాడో, మైటర్, రన్నింగ్ ఫీట్. ఇక్కడా తల ఊపేస్తాం.

అసలు సమస్య ఇక్కడే ఉంది. షాపులో వినిపించే మాటలు ఎక్కువగా అందం గురించి. టైల్ ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పే మాటలు మాత్రం బాక్స్ మీద, సైట్‌లో ఉంటాయి. డిజైన్ నచ్చకపోతే రాజీ పడొచ్చు. కానీ టైల్స్ లేచిపోయినా, బాత్రూమ్ నీళ్లు కింది ఫ్లాట్‌లోకి దిగినా మళ్లీ పగలగొట్టి చేయించాల్సిందే. అందుకే షాపు నుంచి సైట్ వరకు వినిపించే ముఖ్యమైన పదాలన్నీ ఒక్కచోట చూద్దాం.

సిరామిక్, విట్రిఫైడ్.. తేడా ఒక్కటే, నీళ్లు!

ఒకప్పుడు మన ఇళ్లలో గచ్చు అంటే నాపరాళ్లు, తాండూరు బండలు, షాబాద్ బండలు. ఇప్పుడు వాటి స్థానంలోకి టైల్స్ వచ్చేశాయి. తెలంగాణలో చాలామంది టైల్స్‌ను కూడా 'బండలు' అనే అంటారు. కానీ రాయి వేరు, టైల్ వేరు. టైల్ అంటే మట్టి, ఇతర ఖనిజాల పొడిని ప్రెస్‌లో అచ్చుపోసి కొలిమిలో కాల్చినది. మన దేశంలో ఈ తయారీకి పెద్ద కేంద్రం గుజరాత్‌లోని మోర్బీ. తెలుగు రాష్ట్రాల షాపుల్లో కనిపించే టైల్స్‌లో ఎక్కువ భాగం అక్కడి నుంచి లారీల్లో వచ్చేవే.

సిరామిక్ టైల్: కాల్చిన తర్వాత కూడా లోపల సన్నటి రంధ్రాలు ఉంటాయి. అందుకే నీళ్లు పీలుస్తుంది. గోడలకు వేసే టైల్స్ అయితే తమ బరువులో 10 శాతానికి పైగా నీళ్లు పీల్చుకోగలవు. తేలికగా ఉంటాయి, కట్ చేయడం సులువు. కిచెన్, బాత్రూమ్ గోడలకు ఇవి చాలు.

విట్రిఫైడ్ టైల్: ఎక్కువ ఒత్తిడి, ఎక్కువ వేడి మీద దాదాపు గాజులా గట్టిపడేలా కాలుస్తారు. నీళ్లు పీల్చే శాతం 0.5 లోపే. బలంగా ఉంటుంది కాబట్టి ఫ్లోర్‌కు ఇదే వాడతారు.

ఈ 'నీళ్లు పీల్చే శాతం' చాలా ముఖ్యమైన మాట. టైల్స్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 15622 కూడా ఈ శాతాన్ని బట్టే టైల్స్‌ను గ్రూపులుగా విడదీస్తుంది. గోడ టైల్‌ను తక్కువ రేటుకు దొరికిందని నేల మీద వేస్తే పగుళ్లు ఖాయం.

విట్రిఫైడ్‌లోనే నాలుగు రకాలు

జీవీటీ: గ్లేజ్డ్ విట్రిఫైడ్ టైల్. విట్రిఫైడ్ టైల్ మీద డిజిటల్ ప్రింట్ వేసి, పైన గ్లేజ్ పూత ఇస్తారు. చెక్క, మార్బుల్, సిమెంట్.. ఏ డిజైన్ కావాలన్నా దొరుకుతుంది. సాధారణంగా మ్యాట్ ఫినిష్‌లో ఉంటుంది.

పీజీవీటీ: ఇదే జీవీటీని పైన పాలిష్ చేస్తే పీజీవీటీ. అద్దంలా మెరుస్తుంది. హాల్‌లో చూడటానికి బాగుంటుంది కానీ గీతలు త్వరగా కనిపిస్తాయి. కారణం ఏంటంటే, ఇసుక రేణువుల్లో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోహ్స్ స్కేల్ మీద 7. పాలిష్ చేసిన గ్లేజ్ సాధారణంగా అంతకంటే మెత్తన. చెప్పుల కింద ఇసుక ఉండి కుర్చీ జరిపితే గీత పడినట్టే.

డబుల్ చార్జ్: రెండు పొరల పొడిని కలిపి ప్రెస్ చేస్తారు. పై రంగు పొర సుమారు 3 నుంచి 4 ఎంఎం మందం ఉంటుంది. ఇది ప్రింట్ కాదు కాబట్టి అరిగినా డిజైన్ పోదు. డిజైన్లు మాత్రం తక్కువ. జనం ఎక్కువగా తిరిగే షాపులు, ఆఫీసులు, అద్దె ఇళ్లకు మంచి ఎంపిక.

ఫుల్ బాడీ: పైనుంచి కింద వరకు ఒకటే రంగు. అంచు పెచ్చు ఊడినా తెల్లమచ్చ కనిపించదు. మెట్లు, పార్కింగ్, వరండాలకు సరిపోతుంది.

సేల్స్‌మన్ 'ఇది విట్రిఫైడే సార్' అంటే అక్కడితో ఆగిపోవద్దు. ఏ రకం విట్రిఫైడ్ అని అడగండి. రేటులో తేడా అక్కడే వస్తుంది.

మెరుపు చూసి మోసపోవద్దు: ఫినిష్, గ్రిప్

గ్లాసీ అంటే మెరిసేది, మ్యాట్ అంటే మెరవనిది. ఈ రెండింటి మధ్యలో ఉండేది సాటిన్. పైన చెయ్యి పెడితే సన్నటి గరుకు తగిలేది రస్టిక్. డిజైన్‌లోని గీతలు వేలికి తగిలేలా లోపలికి ఉంటే దాన్ని కార్వింగ్ అంటారు.

వీటిలో ప్రాణం మీదకు తెచ్చే విషయం ఒకటుంది. అదే జారడం. తడి బాత్రూమ్‌లో పెద్దవాళ్లు జారిపడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. అందుకే 'యాంటీ స్కిడ్' అనే మాట అడిగి తీరాలి. కంపెనీ కేటలాగ్‌లో ఆర్9, ఆర్10, ఆర్11 అని రాసి ఉంటే అది గ్రిప్ రేటింగ్. జర్మనీ పద్ధతిలో ఏటవాలు బల్ల మీద నడిపించి చేసే పరీక్ష ఇది. ఆర్9 నుంచి ఆర్13 వరకు ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. పొడిగా ఉండే గదులకు ఆర్9 సరిపోతుంది. బాత్రూమ్, బాల్కనీ, వాష్ ఏరియాకు ఆర్10 లేదా ఆర్11 చూసుకోండి. పట్టు మరీ ఎక్కువైతే మురికి పట్టేసి శుభ్రం చేయడం కష్టం. అది కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకో రేటింగ్ పీఈఐ. గ్లేజ్ ఎంత అరుగుదలను తట్టుకుంటుందో చెబుతుంది. 0 నుంచి 5 వరకు ఉంటుంది. 0 అంటే గోడకు మాత్రమే. ఇంట్లో ఫ్లోర్‌కు 3, బాగా జనం తిరిగే చోట 4 లేదా 5 ఉండాలి.

2×2 అంటే నిజంగా 2 అడుగులేనా?

కాదు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. 2 అడుగులు అంటే 609.6 ఎంఎం. షాపులో 2×2 అని అమ్మే టైల్ అసలు సైజు 600×600 ఎంఎం. అంటే ఒక్కో టైల్ 4 చదరపు అడుగులు కాదు, సుమారు 3.875 మాత్రమే. సాధారణంగా బాక్స్‌లో 4 టైల్స్ వస్తాయి. మొత్తం 15.5 చదరపు అడుగులు. 2×4 అని పిలిచే 600×1200 టైల్ బాక్స్‌లో 2 ఉంటే కూడా అంతే, 15.5.

ఒక ఉదాహరణ చూద్దాం. గది 12×14 అడుగులు. నేల 168 చదరపు అడుగులు. గోడ కింద చుట్టూ వేసే 4 అంగుళాల పట్టీని స్కర్టింగ్ అంటారు. చుట్టుకొలత 52 అడుగులు కాబట్టి దానికి మరో 17 చదరపు అడుగులు. మొత్తం 185. కటింగ్‌లో, పగుళ్లలో పోయేదాన్ని వేస్టేజ్ అంటారు. అది 10 శాతం వేసుకుంటే 203.5 చదరపు అడుగులు.

బాక్స్‌కు 16 అనుకుని భాగిస్తే 12.7, అంటే 13 బాక్సులు. నిజమైన లెక్క 15.5తో భాగిస్తే 13.1, అంటే 14 బాక్సులు. ఒక్క గదికే ఒక బాక్స్ తేడా! ఇల్లంతా ఇలాగే లెక్కేస్తే చివర్లో సరుకు తక్కువ పడుతుంది. అప్పుడు మళ్లీ కొనాలి. మళ్లీ కొంటే ఏమవుతుందో తెలియాలంటే బాక్స్ మీద ఏం రాసి ఉందో చూడాలి.

బాక్స్ మీద చదవాల్సిన మాటలు

షేడ్, బ్యాచ్ నంబర్: ఒకే డిజైన్ అయినా కొలిమిలో కాల్చిన ప్రతిసారీ రంగులో కొద్దిపాటి తేడా వస్తుంది. ఒకే విడతలో తయారైన వాటికి ఒకే బ్యాచ్, షేడ్ నంబర్ వేస్తారు. నంబర్ మారితే షాపులో తేడా కనిపించకపోవచ్చు. ఇంట్లో పక్కపక్కన వేశాక, కిటికీలోంచి వెలుతురు పడ్డప్పుడు మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. నెల తర్వాత అదే డిజైన్ ఇంకో 2 బాక్సులు తెప్పిస్తే అదే షేడ్ వస్తుందన్న గ్యారంటీ లేదు. అందుకే సరుకు దిగగానే ప్రతి బాక్స్ మీద నంబర్ చూడాలి. పని పూర్తయ్యాక కూడా ఒక బాక్స్ దాచుకోవాలి. రేపు ప్లంబింగ్ రిపేర్ వస్తే అదే దిక్కు.

క్యాలిబర్: టైల్ అసలు కొలతలో వచ్చే ఎంఎం స్థాయి తేడాను సూచించే మాట. క్యాలిబర్ వేర్వేరుగా ఉన్న బాక్సులు కలిపి వేస్తే గీతలు వరుసలో కుదరవు.

గ్రేడ్: ప్రీమియం, స్టాండర్డ్, కమర్షియల్ అని షాపుల్లో చెబుతారు. ప్రీమియం అంటే లోపాలు దాదాపు లేని సరుకు. కింది గ్రేడుల్లో వంపు, అంచు పెచ్చు, చుక్కలు ఉండొచ్చు. రేటు బాగా తక్కువ చెబుతున్నారంటే ముందు గ్రేడ్ అడగండి.

రెక్టిఫైడ్: కాల్చిన తర్వాత అంచులను మెషీన్‌తో కచ్చితంగా కోసిన టైల్. సందు సన్నగా పెట్టాలనుకుంటే ఇదే ఉండాలి.

డిజైన్, లేఅవుట్ పదాలు

లైట్, డార్క్, హైలైటర్: బాత్రూమ్, కిచెన్ గోడ టైల్స్ ఈ సెట్‌గా అమ్ముతారు. కింద ముదురు రంగు, పైన లేత రంగు, మధ్యలో బొమ్మలున్న హైలైటర్. సాధారణంగా హైలైటర్ రేటు ఎక్కువ. ఎన్ని కావాలో లెక్కపెట్టి మరీ తీసుకోండి.

రాండమ్: ఒకే డిజైన్‌లో వేర్వేరు ముద్రలు ఉండటం. మార్బుల్ డిజైన్ సహజంగా కనిపించాలంటే ఇవి ఎక్కువ ఉండాలి. ఎన్ని 'ఫేసెస్' ఉన్నాయని అడగండి.

బుక్ మ్యాచ్: పుస్తకం తెరిచినట్టు, ఒక టైల్‌లోని గీతలు పక్క టైల్‌లో అద్దంలా కలవడం. టీవీ గోడకు ఎక్కువగా వాడతారు.

స్ట్రెయిట్, డయాగనల్: గోడకు సమాంతరంగా వేస్తే స్ట్రెయిట్. మూలగా వేస్తే డయాగనల్. డయాగనల్‌లో కటింగ్ ఎక్కువ కాబట్టి వేస్టేజ్ కూడా ఎక్కువ.

బ్రిక్ బాండ్: ఇటుకల గోడలా వరుస తప్పించి వేయడం. 1904లో మొదలైన న్యూయార్క్ సబ్‌వే స్టేషన్ల గోడలకు వేసిన 3×6 అంగుళాల తెల్ల టైల్స్ వల్ల ఆ సైజుకు 'సబ్‌వే టైల్' అనే పేరు వచ్చింది. ఇప్పుడు మన కిచెన్లలో కూడా కనిపిస్తోంది. అయితే పొడవైన టైల్స్‌ను సరిగ్గా సగానికి తప్పించి వేయొద్దు. పొడవు టైల్‌కు మధ్యలో కొద్దిపాటి వంపు ఉంటుంది. ఒకదాని మధ్య భాగం పక్కదాని అంచుకు వస్తే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. మూడో వంతు మాత్రమే తప్పించడం మంచిది.

హెరింగ్‌బోన్: సన్నటి టైల్స్‌ను చేప ముల్లులా ఏటవాలుగా అల్లినట్టు వేయడం. అందంగా ఉంటుంది, లేబర్ చార్జీ కూడా ఎక్కువే.

సైట్‌లో మేస్త్రీ మాటలు.. అసలు కథ ఇక్కడే

బెడ్: టైల్ కింద వేసే సిమెంట్, ఇసుక మాలు పొర. రసమట్టంతో, దారంతో లెవెల్ చూసి వేయాలి. బెడ్ సరిగా లేకపోతే ఎంత ఖరీదైన టైల్ అయినా వృథా.

నానబెట్టడం: సిరామిక్ గోడ టైల్స్‌ను సిమెంట్‌తో అతికిస్తుంటే ముందు నీళ్లలో నానబెట్టాలి. లేకపోతే సిమెంట్‌లోని తడిని టైల్ లాగేసుకుంటుంది, పట్టు రాదు. విట్రిఫైడ్‌కు ఈ అవసరం లేదు. అడెసివ్ వాడేటప్పుడు కూడా టైల్ పొడిగానే ఉండాలి.

అడెసివ్: బస్తాల్లో వచ్చే టైల్ గమ్. విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చదు కాబట్టి ఒట్టి సిమెంట్ పాలు దాని వెనక రంధ్రాల్లోకి దిగవు. పైకి అతికినట్టే ఉంటుంది, కొన్నాళ్లకు విడిపోతుంది. అందుకే అడెసివ్. దీనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 15477. అందులో టైప్ 1 నుంచి టైప్ 5 వరకు ఉన్నాయి. టైప్ 1 చిన్న సిరామిక్ టైల్స్‌కు. విట్రిఫైడ్, పెద్ద సైజులు, బయటి గోడలకు పై టైపులు కావాలి. బస్తా మీద టైప్ ఏంటో చూసి, ఎక్కడ వాడాలని రాశారో చదివి కొనండి.

నాచ్డ్ ట్రోవెల్: దువ్వెనలా పళ్లున్న తాపీ. దీనితో అడెసివ్‌ను గీతలు గీతలుగా పరిస్తే టైల్ నొక్కినప్పుడు గాలి బయటకుపోయి అంతటా అంటుకుంటుంది. కొందరు మేస్త్రీలు టైల్ వెనక నాలుగు మూలలా, మధ్యలో ముద్దలు పెట్టి అతికిస్తారు. పని త్వరగా అయిపోతుంది కానీ మధ్యలో ఖాళీ మిగిలిపోతుంది. అక్కడ బరువు పడితే టైల్ పగులుతుంది.

డొల్ల శబ్దం: వేసిన టైల్ మీద నాణెంతో కొడితే 'టక్' అని గట్టిగా వినిపించాలి. బోలుగా వినిపిస్తే కింద ఖాళీ ఉన్నట్టే. గ్రౌట్ నింపకముందే ప్రతి గదిలో కొట్టి చూసుకోండి. మార్పించడానికి అదే సరైన సమయం.

లిప్పేజ్: పక్కపక్క టైల్స్ అంచులు ఒకే ఎత్తులో లేకపోవడం. కాలి వేలికి తగిలేది ఇదే. పెద్ద టైల్స్‌కు లెవెలింగ్ క్లిప్పులు, వెడ్జ్‌లు వాడితే ఇది తగ్గుతుంది.

స్పేసర్: టైల్స్ మధ్య సందు సమానంగా ఉండటానికి పెట్టే చిన్న ప్లాస్టిక్ ముక్క. 'సందు లేకుండా వేయండి' అని చాలామంది ఓనర్లే అడుగుతారు. ఇది పెద్ద పొరపాటు. ఎండకు, తేమకు టైల్ కొద్దిగా వ్యాకోచిస్తుంది. కింద కాంక్రీట్ ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. మధ్యలో చోటు లేకపోతే టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుని ఒక్కసారిగా పెద్ద శబ్దంతో పైకి లేస్తాయి. అర్ధరాత్రి ఇలా జరిగితే భూకంపం అనుకుని భయపడి బయటకు పరిగెత్తేవాళ్లూ ఉంటారు. రెక్టిఫైడ్ టైల్‌కు కూడా కనీసం 2 ఎంఎం సందు పెట్టించండి.

మూవ్‌మెంట్ జాయింట్: గోడకు, ఫ్లోర్ టైల్‌కు మధ్య వదిలే కొద్దిపాటి ఖాళీ. దీన్ని మాలుతో నింపేయకూడదు. పైన స్కర్టింగ్ వస్తుంది కాబట్టి కనిపించదు. పెద్ద హాల్ అయితే మధ్యలో కూడా సాగే గుణమున్న సీలెంట్‌తో ఇలాంటి జాయింట్ కావాలి.

వెట్ కటింగ్: నీళ్లు పోస్తూ టైల్ కోయడం. పొడిగా కోస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. మీ ఇంట్లో పనిచేసేవాళ్లకు నీళ్ల కనెక్షన్, మాస్కు ఇవ్వడం మీ చేతిలో పనే.

గ్రౌట్: సందులో నింపేది

టైల్స్ వేశాక కనీసం ఒక రోజు ఆగి సందులు నింపుతారు. వైట్ సిమెంట్ చవక కానీ పగుళ్లిస్తుంది, పసుపు రంగుకు మారుతుంది. సిమెంట్ గ్రౌట్ దానికంటే మెరుగు, రంగుల్లో దొరుకుతుంది. ఎపాక్సీ గ్రౌట్‌లో రెజిన్, హార్డ్‌నర్ కలిపి వాడతారు. నీళ్లు పీల్చదు, పసుపు, నూనె మరకలు సులువుగా పట్టవు. కిచెన్, బాత్రూమ్‌కు ఇదే మేలు. ఖర్చు ఎక్కువ. పైగా గట్టిపడేలోపే టైల్ మీద అంటిన మరకను తుడిచేయాలి. ఆలస్యమైతే అది వదలదు.

బాత్రూమ్‌లో మర్చిపోకూడని 4 మాటలు

వాటం: నీళ్లు జాలి వైపు పోయేలా ఇచ్చే ఏటవాలు. టైల్ వేసిన రోజే బకెట్ నీళ్లు పోసి చూడండి. నీళ్లు మూలన నిలిచాయంటే వాటం తప్పినట్టే.

నహానీ ట్రాప్: జాలి కింద ఉండే గిన్నె లాంటి భాగం. ఇందులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి, డ్రైనేజీ వాసన పైకి రాకుండా ఆపుతుంది.

వాటర్‌ప్రూఫింగ్: టైల్, గ్రౌట్ నీళ్లను పూర్తిగా ఆపవు. ఆపేది కింద వేసే వాటర్‌ప్రూఫ్ పూత. టైల్స్ వేయకముందే ఫ్లోర్‌లో నీళ్లు నింపి 24 నుంచి 48 గంటలు వదిలేసే పరీక్షను పాండింగ్ టెస్ట్ అంటారు. కింది ఫ్లాట్ సీలింగ్ తడవకపోతేనే టైల్స్ పని మొదలుపెట్టాలి. అపార్ట్‌మెంట్లలో పై ఇంటికి, కింది ఇంటికి గొడవలు ఎక్కువగా వచ్చేది ఈ లీకేజీ దగ్గరే.

డాడో: గోడకు కింది నుంచి కొంత ఎత్తు వరకు వేసే టైల్స్. ఎన్ని అడుగుల వరకు అన్నది ముందే రాసుకోండి. 7 అడుగులా, సీలింగ్ వరకా అన్నదాన్ని బట్టి బిల్లు మారిపోతుంది.

బిల్లును పెంచే మాటలు

ఫ్లోర్ పని చదరపు అడుగుల లెక్కన, అంచుల పని రన్నింగ్ ఫీట్ లెక్కన ఉంటుంది. రన్నింగ్ ఫీట్ అంటే పొడవు మాత్రమే. స్కర్టింగ్, మెట్ల అంచు గుండ్రంగా చేసే నోసింగ్, మూలల్లో రెండు టైల్స్‌ను 45 డిగ్రీల్లో కోసి కలిపే మైటర్ కట్.. ఇవన్నీ చాలాచోట్ల విడి రేటు. 'ఫ్లోర్ రేటు ఇంత' అని మాత్రమే మాట్లాడుకుంటే చివర్లో ఈ లెక్కలన్నీ వచ్చిపడతాయి.

పాత టైల్స్ తీయకుండా వాటి మీదే కొత్తవి వేయడాన్ని టైల్ ఆన్ టైల్ అంటారు. పగలగొట్టే పని తప్పుతుంది. కానీ కింద పాత టైల్ గట్టిగా అంటుకుని ఉండాలి, దానికి తగిన అడెసివ్ వాడాలి. నేల ఎత్తు పెరుగుతుంది కాబట్టి తలుపులు కింద కోయాల్సి రావొచ్చు. గడప, బాత్రూమ్ లెవెల్ కూడా ముందే చూసుకోవాలి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈ 7 ప్రశ్నలు అడగండి

షాపులో:
1. ఇది ఏ రకం విట్రిఫైడ్? నీళ్లు పీల్చే శాతం ఎంత?
2. బాక్స్‌లో కచ్చితంగా ఎన్ని చదరపు అడుగులు వస్తాయి? రేటు జీఎస్టీతో కలిపా, విడిగానా?
3. అన్ని బాక్సులూ ఒకే షేడ్, ఒకే బ్యాచ్ ఇస్తారా? మిగిలిన బాక్సులు వాపస్ తీసుకుంటారా?

మేస్త్రీని:
4. సిమెంటా, అడెసివా? అడెసివ్ అయితే ఏ టైప్?
5. సందు ఎన్ని ఎంఎం? గోడ పక్కన ఖాళీ వదులుతారా?
6. బాత్రూమ్‌కు పాండింగ్ టెస్ట్ చేశాకే టైల్స్ వేస్తారా?
7. స్కర్టింగ్, నోసింగ్, మైటర్, గ్రౌట్ మీ రేటులో కలిసి ఉన్నాయా?

వీటికి వచ్చిన సమాధానాలను కొటేషన్ కాగితం మీదే రాయించుకోండి. డిజైన్ ఎంచుకోవడానికి ఎంత టైమ్ తీసుకుంటారో, ఈ ఏడు ప్రశ్నలకు కూడా అంతే టైమ్ ఇవ్వండి.